మా నాయన ఐపీ పెట్టిన ఏడు

మొన్న ఆదివారం పొద్దున కేశవ మా గిద్దలూరు ఇంటికి వచ్చాడు. మా ఓబులమ్మ అత్త మనవడు, పామూరు దగ్గర పల్లెలో ఉంటాడు. కుర్చీ వేస్తే కూర్చోకుండా గడప పక్కన గోడకు ఆనుకుని చతికిలబడ్డాడు. ఎందుకు వచ్చాడో కొంత నాకు తెలుసు. అంతకు కొద్దిరోజుల ముందే నా ఫోనుకు అతని ఫోటో ఒకటి వచ్చింది. దాని కింద ఎర్ర అక్షరాలతో మోసగాడు అని రాసి ఉంది. ఎవరు పంపారో తెలియదు. అతని ఫోనులో ఎంతమంది పేర్లున్నాయో అంతమందికీ పంపారట. రెండు బోర్లు ఎండిపోయి మూడో బోరు వేసినప్పుడు నేనూ నా రిటైర్మెంటు డబ్బులో కొంత అతనికి ఇచ్చాను. ఆ బోరు ఒక పంటకు నీళ్లిచ్చి ఊరుకుంది. ఆ తర్వాత ట్రాక్టరు కొన్నాడు, ట్రాక్టరు కిస్తీల కోసం ఫోనులో దొరికే అప్పులు తీసుకున్నాడు, ఆ అప్పులు తీర్చడానికి మళ్లీ ఫోనులోనే ఇంకో అప్పు. నేనిచ్చిన మంచినీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, తాగకుండా, తల వంచుకుని చెప్పాడు.

"చిన్నమ్మా, నేను ఐపీ పెడతా ఉండా. అప్పిచ్చినోళ్ల పేర్లు అన్నీ రాయాలన్నాడు ప్లీడరు. నీ పేరు కూడా రాయాల. నీకు విడిగా ఏమీ ఇయ్యగూడదంట."

నేను వంటింట్లోకి పోయి పొయ్యి మీద పాలు చూస్తున్నట్టు నిలబడ్డాను. ఇదే మాట, ఇంచుమించు ఇలాగే, నా పదో ఏట ఇంకొకరి నోట ఇంకొక గడప దగ్గర విన్నాను. ఆ రోజు ఆ మాట చెప్పినవాడు మా నాయన. విన్నది ఈ కేశవ వాళ్ల అవ్వ, మా ఓబులమ్మ అత్త.

ఐపీ అనే మాట మా వైపు అందరికీ తెలుసు. అది ఏమిటో మాత్రం అనుభవించినవాళ్లకే తెలుసు. నా దగ్గర ఉన్నది ఇంత, నేను ఇవ్వవలసింది ఇంత, తీర్చే దారి లేదు, ఉన్నదంతా మీరు స్వాధీనం చేసుకుని అందరికీ పంచి నన్ను బయటపడేయండి అని కోర్టును అడుక్కోవడమే ఐపీ. దివాలా తీయడానికి కోర్టు కట్టిన దారి అది. ఎగ్గొట్టాలనుకున్నవాళ్లు కూడా కొందరు ఆ దారినే నడవడం వల్ల మంచివాళ్లకు కూడా అది బూతు మాట అయిపోయింది. మా చిన్నప్పుడు వీధిలో ఇద్దరు పోట్లాడుకుంటే చివరికి ఐపీ పెట్టినోడా అనే మాట దగ్గర చేతులు లేచేవి. నాకు ఆ మాట మొదట తిట్టుగానే తెలుసు.

అప్పుడు మేము మార్కాపురంలో ఉండేవాళ్లం. మాది బాడుగ ఇల్లు. ఇంటి వెనక చిన్న సందు దాటితే నాయన పలకల షెడ్డు. అది మాత్రం మా సొంతం. పొద్దున్నే అమ్మ వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లేసరికి ఎక్కడెక్కడి షెడ్లలోనూ రాయి చీల్చే చప్పుడు మొదలయ్యేది. గనుల నుంచి వచ్చిన రాతి దిమ్మెలను పనివాళ్లు ఉలితో పొరలు పొరలుగా విడదీసేవాళ్లు. ఎంత లావు రాయి అయినా సరిగ్గా దెబ్బ పడితే పుస్తకం తెరిచినట్టు విచ్చుకునేది. వాటిని కొలతకు కోసి, నీళ్లు పోసి నున్నగా రుద్ది, చుట్టూ చెక్క చట్రం బిగించేవాళ్లు. తడిసిన రాయి వాసన, కొత్త చెక్క వాసన, చట్రాలకు పూసే రంగు వాసన, ఈ మూడూ కలిసినదే నా దృష్టిలో మా నాయన వాసన. బూడిద రంగు దుమ్ము మా ఇంట్లో ఎక్కడబడితే అక్కడ ఉండేది. ఉతికిన బట్టల మీద, ఊరగాయ జాడీ మూత మీద, మా నాయనమ్మ జపమాల మీద. అమ్మ రోజుకు మూడుసార్లు తుడిచినా వేలితో రాస్తే పేరు పడేది. ఆ దుమ్మును తిట్టుకుంటూనే తుడిచేది గానీ అది రావడం మానేసిన రోజున ఆమె పడ్డ దిగులు ఇంకెప్పుడూ పడలేదు.

నాయన పేరు సుబ్బయ్య. ఆయన మాట తక్కువ మనిషి. మధ్యాహ్నం అన్నానికి వచ్చేముందు షెడ్డు కొళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, కండువాతో తుడుచుకుని, అప్పుడు కూడా చేతులు ఒకసారి వాసన చూసుకుని లోపలికి వచ్చేవాడు. మజ్జిగన్నంలో పచ్చిమిరపకాయ కొరుక్కోకపోతే ఆయనకు భోజనం అయినట్టే కాదు. చట్రాలకు చెక్క ఇచ్చే ఖాజా సాయిబు దాదాపు రోజూ ఆ వేళకు వచ్చేవాడు. నేను ఆయన్ని ఖాజా మామా అని పిలిచేదాన్ని. నాయన తింటుంటే ఆయన అరుగు మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ, కట్టె ధరలు, వానలు, కూతురి కాన్పు, అన్నీ చెప్పేవాడు. లోపల నుంచి నాయన ఊ కొట్టడమే.

ఇక ఓబులమ్మ అత్త వస్తే మాకు పండగ. ఆమె నాయనకు అక్క. నాయనమ్మకు వరసగా జబ్బులు చేసిన కాలంలో తమ్ముడిని చంకనేసుకుని పెంచింది తానేనని చెప్పుకునేది. గొర్రెల మంద ఉన్న ఇంటికి కోడలిగా పోయి తానూ గొర్రెలవాళ్లలో ఒకతె అయిపోయింది. వచ్చేటప్పుడు నెయ్యి, సజ్జ రొట్టెలు, గుడ్డలో మూటకట్టిన జున్ను పాలు తెచ్చేది. ఆమె చీరకు గొర్రె బొచ్చు వాసన ఉండేది. పక్కింటి పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. నాకు మాత్రం ఆ వాసనలో తల దూర్చుకుని పడుకోవడం ఇష్టం. నాయన రాళ్లు కోసే మిషను కొనాలనుకున్నప్పుడు అత్త మందలో సగాన్ని సంతలో అమ్మి ఆ డబ్బు కొంగున కట్టుకుని వచ్చి తమ్ముడి చేతిలో పోసింది. కాగితం లేదు, కలం లేదు. లెక్కపెట్టుకోమన్నా నాయన లెక్కపెట్టలేదు.

ఆ మిషను వచ్చాక రెండేళ్లు బాగా జరిగింది. మద్రాసులో ఒక పెద్ద వ్యాపారి మా సరుకంతా తీసుకునేవాడు. ఓడల మీద పంపుతానని, డబ్బు తర్వాత ఇస్తానని అనేవాడు. మొదట్లో ఇచ్చాడు. తర్వాత సగం ఇచ్చి సగం ఆపాడు. ఆపింది రాబట్టుకోవాలంటే ఇంకా సరుకు పంపాలి, సరుకు చేయాలంటే రాయి, చెక్క, కూలి అన్నీ అప్పు. ఒకసారి నాయన మద్రాసు పోయి, తిరిగొచ్చి, చెప్పులు విప్పకుండానే మంచం మీద కూర్చున్నాడు. ఆ దుకాణం తలుపులకు తాళం వేసి ఉందట. ఇరుగుపొరుగును అడిగితే ఆ వ్యాపారి ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలియదన్నారట. ఇంత మాటా అమ్మతో చెప్పి, మంచినీళ్లు అడిగి, తాగి, అట్లాగే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తర్వాత మా ఇంటి అరుగు ఖాళీగా ఉండడం నేను చూడలేదు. రాయి ఇచ్చినవాళ్లు, రంగు ఇచ్చినవాళ్లు, వడ్డీకి డబ్బిచ్చినవాళ్లు, కూలి బాకీ ఉన్నవాళ్లు, వంతులు వేసుకున్నట్టు వచ్చి కూర్చునేవాళ్లు. కొందరు మెల్లగా అడిగేవాళ్లు, కొందరు వీధి అంతా వినపడేట్టు తిట్టేవాళ్లు. ఒకాయన నాయన సైకిలు తోలుకుపోయాడు. చిత్రం ఏమిటంటే తిట్టేవాళ్లకు కూడా అమ్మ మజ్జిగ ఇచ్చేది, వాళ్లు తాగేవాళ్లు, గ్లాసు కడిగి బోర్లించి మళ్లీ తిట్టడం మొదలుపెట్టేవాళ్లు. కొన్నాళ్లకు మజ్జిగలో నీళ్లు ఎక్కువై, చివరికి ఉత్త నీళ్లే అయ్యాయి. రాత్రికి సంగటి, పొద్దున అదే చల్ది. నాయన పక్కకు తిరిగి తినేవాడు. మా మొహాలు చూడడానికి ఆయన సిగ్గుపడుతున్నాడని ఆ వయసులోనే నాకు అర్థమైంది.

ఒకనాడు మధ్యాహ్నం ఆయన అన్నానికి రాలేదు. షెడ్డులో లేడు. అమ్మ ఖాజా మామ ఇంటికి పరుగెత్తింది. అప్పటికే ఆయనకూ మేము బోలెడంత బాకీ ఉన్నాం. అయినా ఆయన సైకిలెక్కి బస్టాండు, రైలు స్టేషను చూసి, చివరికి ఊరి బయట పాత గని దగ్గర నాయనను కనుక్కున్నాడు. పని ఆగిపోయిన గనుల్లో వాననీళ్లు నిలిచి ఎంత లోతో తెలియకుండా ఉంటాయి. నాయన ఆ గట్టున కూర్చుని ఉన్నాడట. ఖాజా మామ పక్కన కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు తప్ప ఏమీ అడగలేదట. ఎండ చల్లబడే వేళకు ఆయన్ని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తెచ్చి మా అరుగు మీద దించాడు. అప్పుడు ఖాజా మామ అమ్మ ముందు, నాయనమ్మ ముందు, నా ముందు అన్న మాట నాకు ఇప్పటికీ వినపడుతుంది.

"సుబ్బయ్యా, నువ్వు నీళ్లలో పడితే నాకేమొస్తది? నీ పిల్ల నా మొగం చూస్తదా? కోర్టుకు పో. ఐపీ పెట్టు. రూపాయికి పావలా వచ్చినా అది నాకు హలాల్ డబ్బే, న్యాయమైన డబ్బే. అందరికంటే ముందు నా పేరు రాయించు."

నాయన అప్పుడు ఏడ్చాడు. మగవాళ్లు ఏడవడం నేను చూడడం అదే మొదలు. నాయనమ్మ మాత్రం ఐపీ మాట వినగానే చెవులు మూసుకుంది.

ప్లీడరు గారి దగ్గరికి ఖాజా మామే తీసుకుపోయాడు. ఆయన చెప్పినవన్నీ నాయన ఇంటికొచ్చి అమ్మకు వరసగా చెప్పాడు, నేను వింటూ కూర్చున్నాను. అప్పులవాళ్లలో ఒక్కరి పేరు కూడా దాచకూడదు. ఆస్తిలో ఒక్క వస్తువు కూడా దాచకూడదు. షెడ్డు, మిషను, సరుకు కోర్టు అమ్మి, వచ్చింది ఎవరి బాకీని బట్టి వాళ్లకు పంచుతుంది. వంట పాత్రలు, పరుపులు, కట్టుబట్టలు, అమ్మ మెడలో తాళి, నాయన చేతి పనిముట్లు వదిలేస్తుంది. కోర్టు ఒప్పుకుంటే ఇంటి మీదికి ఎవరూ రాకూడదు, ఎవరూ జైల్లో పెట్టించకూడదు. కొన్నేళ్లకు మళ్లీ కోర్టునే అడిగితే పూర్తిగా విడుదల చేస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైన మాట చివర చెప్పాడు. ఇప్పటి నుంచి ఎవరికీ విడిగా రూపాయి ఇవ్వకూడదు. మనవాళ్లకు ముందు ఇచ్చి మిగిలింది పైవాళ్లకు చూపిస్తే అది మోసం కిందికి వస్తుంది.

సరిగ్గా అప్పుడే, ఎన్నడో పంపిన సరుకు తాలూకు డబ్బు బెంగుళూరు నుంచి వచ్చింది. ఎవరూ ఎదురుచూడని డబ్బు. ఇంచుమించు అత్తకు ఇవ్వవలసినంత ఉంది. ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం నాయనమ్మ నాయనను పిలిచి, ఆడబిడ్డ సొమ్ము తిని నువ్వు బాగుపడవు, ముందు ఓబులమ్మకు ఇచ్చేసి తర్వాత ఏ కోర్టుకైనా పో అంది. నాయన కుదరదన్నాడు. ఆమె అన్నం మానేసింది. మరుసటి రోజు కూడా మానేసింది. అమ్మ ఎవరి వైపూ మాట్లాడకుండా ఇద్దరికీ కంచాలు పెట్టి, ఇద్దరి కంచాలూ తీసేది. మూడో రోజు పొద్దున నాయన ఆ డబ్బు ప్లీడరు ద్వారా కోర్టులో చూపించేశాడు. ఇంటికొచ్చి, స్నానం చేసి, నన్ను కూడా బట్టలు మార్చుకోమన్నాడు. అక్కకు తానే చెప్పాలి, కాగితం వచ్చి చెప్పకూడదు అన్నాడు. నన్ను ఎందుకు వెంట తీసుకుపోయాడో అప్పుడు తెలియలేదు. ఒంటరిగా పోతే దారిలో వెనక్కి తిరుగుతానని భయపడి ఉంటాడు.

కనిగిరి దాకా ఒక బస్సు, అక్కడి నుంచి పామూరు బస్సు, దిగాక జాలి ముళ్లచెట్ల మధ్య నడక. అత్త గొర్రెల దొడ్డి దగ్గర ఈనిన గొర్రెకు నీళ్లు పెడుతోంది. మమ్మల్ని చూడగానే ఆమె మొహం విచ్చుకుంది. కోడిని కోయించమని మామకు చెప్పింది. నాయన వద్దన్నాడు. కాళ్లు కడుక్కోమంది. కడుక్కోలేదు. గడప దగ్గర నిలబడే, నేలచూపులు చూస్తూ, మొత్తం చెప్పాడు. డబ్బు వచ్చిన సంగతి కూడా చెప్పాడు. అది చెప్పవలసిన అవసరమే లేదు, ఆమెకు ఎన్నటికీ తెలిసేది కాదు.

అత్త చేతిలో నీళ్ల చెంబు అట్లాగే ఉంది. అడిగింది.

"అయితే ఆ కట్టెల సాయిబుకు ఎంతో నాకూ అంతేనా?"

"అంతే అక్కా."

"నేను నీ తోడబుట్టినదాన్నని ఆ కోర్టోళ్లకు చెప్పినావా?"

"చెప్పినా. అయినా అంతే."

ఆమె నాకు మాత్రం లోపల కూర్చోబెట్టి రొట్టె, పాలు పెట్టింది. తల దువ్వి జడ వేసింది. నాయన ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టకుండా బయట రాతి మీద కూర్చున్నాడు. ఆమె తాగమని అడగలేదు. తిరుగు బస్సులో ఆయన దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూశాడు.

తర్వాత కోర్టు మనిషి మా ఇంటికి వచ్చి వస్తువులు రాసుకున్నాడు. గోడ గడియారం, రేడియో, బీరువా రాసుకుని, రుబ్బురోలు దగ్గర ఆగి, ఇది వంటదే కదమ్మా అని తానే అనుకుని వదిలేశాడు. అమ్మ చెవి కమ్మలు తీసి పీట మీద పెట్టింది. తాళి మీద చెయ్యి వేయబోతే ఆయన గబుక్కున తల తిప్పుకుని, అది మాకు అక్కర్లేదు తల్లీ, అది మీదే అన్నాడు. నాయన వాడే చిత్రిక, ఉలులు, సుత్తి, రంపం కోర్టు మనిషే ఒక గోనెసంచిలో వేసి పక్కన పెట్టి, నాయనతో, ఇవి నీవి, రేపటి నుంచి వీటితో బతకాల అన్నాడు. షెడ్డుకు తాళం పడింది. ఆ రోజు నుంచే మా ఇంట్లోకి దుమ్ము రావడం ఆగిపోయింది.

విచారణ రోజు అమ్మ నన్ను వెంటబెట్టుకుని కోర్టుకు పోయింది. మేము వెనక బల్ల మీద కూర్చున్నాం. వడ్డీకి డబ్బిచ్చిన ఒకాయన అభ్యంతరం పెట్టాడు. సుబ్బయ్య చెప్పే అక్క బాకీ అబద్ధమని, ఆమె మంద నిజానికి సుబ్బయ్యదేనని, డబ్బంతా గొర్రెల రూపంలో అక్క పేర దాచి ఐపీ పెట్టాడని. ఇది నిలబడితే నాయన పిటిషను కొట్టేస్తారు. అరుగు మళ్లీ నిండుతుంది. ఈసారి ఆయన ఏ గనివైపు పోయేవాడో. నోటీసు అందుకుని అత్త కూడా వచ్చింది. మా వైపు చూడలేదు. ఆమెను పిలిచి బోనులో నిలబెట్టారు. ఆమె కొంగు బిగించి పట్టుకుని నిలబడింది.

అవతలి ప్లీడరు మొదట డబ్బిచ్చినట్టు కాగితం ఉందా అని అడిగాడు. లేదంది. కాగితం లేకుండా అంత డబ్బు ఎట్లా ఇచ్చావంటే, తమ్మునికి ఇచ్చేదానికి కాగితం ఎందుకంది. మరి ఆ గొర్రెలు నీ తమ్ముడివే కదా అన్నాడు. మా తమ్మునికి గొర్రెను పట్టుకునేది కూడా రాదంది. కోర్టులో కొందరు నవ్వారు. ఆయనకు కోపం వచ్చినట్టుంది. గొంతు పెంచి, నీ తమ్ముడు ఐపీ పెట్టకముందే నీ బాకీ గుట్టుగా తీర్చేశాడు, అవునా కాదా అన్నాడు.

అత్త జడ్జీ గారి వైపు తిరిగింది. అన్నాళ్లుగా గుండెల్లో పెట్టుకున్నదంతా అక్కడ, అందరి ముందూ బయటపడింది.

"తీర్చినాడా? డబ్బు వచ్చింది సార్ వానికి, వచ్చి కూడా నాకియ్యలేదు. మా ఇంటికొచ్చి గడపలో నిలబడి, నీకియ్యను అక్కా, అందరితో పాటే నీకూ అని చెప్పిపోయినాడు. మా యమ్మ రెండు దినాలు అన్నం మానేసినా ఇయ్యలేదు. కట్టెలమ్మే సాయిబుకూ నాకూ ఒకటే లెక్కంట. చంకనేసుకోని సాకినా సార్ వాన్ని. తోడబుట్టినదానికి ఇట్ల చేసేటోడు యాడన్నా ఉంటాడా, మీరే చెప్పండి."

 జడ్జీ గారు రాసుకోవడం ఆపి నాయనవైపు చూశారు. అవతలి ప్లీడరు ఇంకేదో అడగబోయి, కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు. ఆమె ఏమి చేసిందో ఆ గదిలో అందరికీ అర్థమైంది, ఆమెకు తప్ప. నాయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. బయట వరండాలో ఖాజా మామ ఆమెకు ఎదురుపోయి, అక్కా నువ్వే మా సుబ్బయ్యను నిలబెట్టినావు అన్నాడు. ఆమె ఆయన్ని ఎగాదిగా చూసి, నేను వాని మీద చాడీ చెప్పినా, నీకు వినపళ్లేదా అని బస్టాండు వైపు నడిచిపోయింది.

కోర్టు ఒప్పుకుంది. షెడ్డు, మిషను వేలం వేశారు. నాయన ఆ గోనెసంచి భుజాన వేసుకుని ఇంకొకరి షెడ్డులో చట్రాలు బిగించే కూలికి పోయాడు. అరుగు మీద జనం లేరు. ఇంట్లో మళ్లీ ఎదురెదురుగా కూర్చుని తినడం మొదలైంది. కోర్టు విడుదల చేసేదాకా యాభై రూపాయలు దాటి ఎవరి దగ్గర అప్పు తీసుకున్నా తన సంగతి ముందే చెప్పాలని ప్లీడరు ఆయనకు చెప్పాడు. నాయన దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే అర్ధశేరు చక్కెర అప్పు తెచ్చినా దుకాణదారుతో, నేను ఐపీ పెట్టినోన్ని, చెప్పి తీసుకుంటుండా అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. మొదట్లో అమ్మ సిగ్గుతో చచ్చిపోయేది, తర్వాత ఆమె కూడా నవ్వేది. నా పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు కాఫీ కంటే ముందు ఆ మాటే చెప్పాడు. మా మామగారు అది విని, అందరి పేర్లూ రాసినవాడివేనా అని అడిగాడట. రాసినా అన్నాడట నాయన. అయితే కాఫీ తెప్పించు అన్నాడట ఆయన.

అత్త మాత్రం మా ఇంటికి రాలేదు. రెండు ఉగాదులు పోయాయి. నాయన ఎవరితోనన్నా కబురు పెడితే, బాగుండానని చెప్పు అనేది, అంతే. నాయనమ్మ కూతురి పేరెత్తి రోజూ కళ్లు తుడుచుకునేది. చివరికి వేలం డబ్బు పంచే రోజు వచ్చింది. అత్త తన వంతు తీసుకోవడానికి మార్కాపురం వచ్చింది. వేలిముద్ర వేసేచోటికి నాయన వెంట పోయాడు. ఏమి మాట్లాడుకున్నారో తెలియదు, మధ్యాహ్నం ఇద్దరూ కలిసి నడుచుకుంటూ మా ఇంటికి వచ్చారు. ఆమె పీట మీద కూర్చుని, కొంగు ముడి విప్పి, ఆ నోట్లు నాయనమ్మకు చూపించింది. సగం మంద ఇచ్చిన మనిషికి నాలుగు గొర్రె పిల్లల వెల తిరిగొచ్చింది. వాటిని మళ్లీ ముడివేసుకుని అమ్మ పెట్టిన కంచం చూసి, సుబ్బయ్యకు కూడా పెట్టమ్మా, వాడు తింటే నేను తింటా అంది. నాయన చేతులు కడుక్కుని వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆ రాత్రి ఆమె మా ఇంట్లోనే పడుకుంది, నన్ను పక్కన వేసుకుని.

ఆ తర్వాత నోటుపుస్తకాలు వచ్చి పలకలు పోయాయి. చాలా షెడ్లు మూతపడ్డాయి. నాయన తలుపులు, కిటికీలు చేసి బతికాడు. పోయేనాటికి ఎవరికీ రూపాయి బాకీ లేడు. గొప్పగా బతకలేదు గానీ బతికాడు. ఖాజా మామకు నిజంగానే రూపాయికి పావలా కూడా రాలేదు. ఆయన ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఇదంతా వంటింట్లో నిలబడిన ఆ కాసేపట్లో నా కళ్ల ముందు తిరిగింది. ఇన్నేళ్లూ నేను ఈ కథను నాయనవైపు నుంచే తలుచుకున్నాను. అత్త రెండేళ్లు ఎందుకు రాలేదో, అంత ప్రేమ గల మనిషి అంత మొండితనం ఎట్లా చేసిందో నాకు అర్థమయ్యేది కాదు. కేశవ నోట నీ పేరు కూడా రాయాల అనే మాట విన్నాక తెలిసింది. డబ్బు పోతుందని కాదు, పోతే బాధే గానీ అది తర్వాతి బాధ. నేను కూడానా, ఆ ఫోనుల్లో ఎర్ర అక్షరాలు పంపేవాళ్లతో పాటేనా నేను కూడా, అని లోపల ఎక్కడో సన్నగా గుచ్చుకుంది. మా అత్త ఆ గుచ్చుకున్నదాన్ని రెండేళ్లు మోసింది. నా వయసులో అంత ఓపిక లేదు, అంత వ్యవధీ లేదు.

నేను బయటికి వచ్చి, ఎవరి పేరూ వదలకుండా రాయించు నాయనా, నాది కూడా రాయించు అన్నాను. మా ఆయన బజారు నుంచి వచ్చి విషయం విని, అయితే మనకెంత వస్తదంట అని అడిగాడు. అందరితో పాటే అన్నాను. ఆయన సంచి కింద పెట్టి, సరే అన్నం పెట్టు, వాడు ఎప్పుడు తిన్నాడో ఏమో అన్నాడు.

తిన్నాక కేశవ వరండాలో చాప మీద వాలాడు. మా అరుగు మీదికి వచ్చిన అప్పులవాళ్లకు మొహాలుండేవి, పేర్లుండేవి, దాహం వేసేది, పొద్దుగుంకితే ఇళ్లకు పోయేవాళ్లు. వాళ్లలోనే ఒకడు సైకిలేసుకుని గని దగ్గరికి పోయాడు. ఈ పిల్లవాడి అప్పులవాళ్లు జేబులో ఉంటారు, పక్కలోకి వస్తారు, ఎవరో ఏ ఊరో తెలియదు. గని గట్టుకు వచ్చి పక్కన కూర్చునేవాడు వాళ్లలో ఎవరూ ఉండరు. నిద్రపోయి ఎన్నాళ్లయిందో, నోరు తెరుచుకుని, చిన్నపిల్లవాడిలా ఒక చెయ్యి తల కింద పెట్టుకుని పడుకున్నాడు. పక్కన ఫోను మోగుతూనే ఉంది. ఆగుతుంది, మళ్లీ మోగుతుంది. నాలుగోసారి మోగినప్పుడు నేనే ఎత్తాను.

అవతల కుర్ర గొంతు. కేశవ ఎక్కడ, ఎందుకు ఎత్తడు, వానికి సిగ్గుందా అని మొదలుపెట్టాడు. చెప్పనిచ్చాను. మా అమ్మ అయితే మజ్జిగ ఇచ్చేది, ఫోనులో ఏమిస్తాం. అతను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, కోర్టు నుంచి మీకు కాగితం వస్తుంది నాయనా, మీ పేరు కూడా రాస్తున్నాడు అన్నాను.

"మీరెవరు మేడం? వాళ్లమ్మా?"

"కాదు. మీలాగే నేనూ అతనికి అప్పిచ్చినదాన్ని."

 అతను గొంతు తగ్గించి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"మరి మీరేం చేస్తున్నారు మేడం?"

"పడుకోనిస్తున్నా" అన్నాను.